గ్రాము నుంచి కిలో దాకా: నానో పదార్థం కోసం విశ్వవిద్యాలయంతో చేయి కలపడం ఎలా?

మీరు జీడిమెట్లలోనో, పటాన్‌చెరులోనో, విశాఖ ఆటోనగర్‌లోనో గోడలకూ పలకలకూ వేసే పూతలు తయారుచేసే ఒక మధ్యస్థమైన యూనిట్ నడుపుతున్నారనుకుందాం. గంట ప్రయాణం దూరంలో ఉన్న విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్యుడు, ఎండ తగిలితే తన మీద పేరుకున్న సేంద్రియ మురికిని తానే విచ్ఛిన్నం చేసే టైటానియా (టైటానియం డయాక్సైడ్) పొడిని మీకు చూపించారు. గాజు సీసా అడుగున తెల్లగా మెరుస్తున్న ఆ పొడి బరువు మూడు గ్రాములు. మీకు కావలసింది నెలకు నలభై కిలోలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని ఎలా దాటాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక గీటురాయిని మనసులో పెట్టుకోండి. ప్రచురితమైన పత్రాలు, సంతకాల ఫోటోలు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు ఇవేవీ భాగస్వామ్యం ఫలించిందనడానికి రుజువులు కావు. ఆ పదార్థాన్ని కనిపెట్టిన పరిశోధక విద్యార్థి గది బయట నిలబడి ఉండగా, మీ ఆపరేటర్ మీ షెడ్డులో మీ ముడిసరుకుతో చేసిన బ్యాచ్ ల్యాబ్ బ్యాచ్‌తో సరిపోలితేనే పని పూర్తయినట్టు. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ ఒక్క బ్యాచ్ కోసమే.

మీ అవసరాన్ని మీ భాషలో రాసుకోండి

ఎవరినీ కలవకముందే ఒక పేజీ రాయండి. "మాకు నానో కావాలి" అని వెళ్లిన పారిశ్రామికుడికి తాను కోరింది దొరకదు, ఎదుటివారి దగ్గర ఉన్నది దొరుకుతుంది. ఇప్పుడు మీరు వాడుతున్న పదార్థం ఏమిటి, దానిలో లోపం ఏమిటి, కొత్త పదార్థం వల్ల ఏ ధర్మం ఎంత మెరుగుపడితే మీ కొనుగోలుదారు అదనంగా ఎంత చెల్లిస్తాడు, కిలో ఏ ధర దాటితే మీకు గిట్టుబాటు కాదు, ద్రావణి నీరా లేక టర్పెంటైనా, పూత వేశాక ఎంత వేడి భరించాలి అనే విషయాలన్నీ ఆ పేజీలో ఉండాలి. ధర గీత తప్పనిసరి. ప్రయోగశాలలో టైటానియాను ఎక్కువగా టైటానియం ఐసోప్రొపాక్సైడ్ అనే ఖరీదైన రసాయనంతో చేస్తారు. అదే పదార్థాన్ని పరిశ్రమ టైటానియం టెట్రాక్లోరైడ్ నుంచో టైటానిల్ సల్ఫేట్ నుంచో చేసుకోవాలని చూస్తుంది. మీ ధర గీత ముందే తెలిస్తే, ఆచార్యుడు మొదటి రోజునుంచే ఆ దారిలో ఆలోచిస్తారు. తెలియకపోతే రెండేళ్ల తర్వాత ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వస్తుంది.

మీకు నిజంగా నానో అవసరమా అన్న ప్రశ్నను కూడా ఆ పేజీ మీదే తేల్చుకోండి. కనీసం ఒక కొలత సుమారు 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉన్నదాన్నే నానో పదార్థం అంటారు. రాపిడిని తట్టుకోవడమొక్కటే మీ అవసరమైతే, 300 నానోమీటర్ల మామూలు పొడి చాలా సందర్భాలలో సరిపోతుంది, చవకగానూ దొరుకుతుంది. ఈ మాట మీకు చెప్పగలిగిన ఆచార్యుడు దొరికితే ఆయన్ని వదులుకోకండి.

ఎవరి తలుపు తట్టాలి

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవారు ఈ విషయంలో అదృష్టవంతులు. బాలాపూర్‌లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద 1997 నుంచి స్వయంప్రతిపత్తితో పనిచేస్తున్న పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో నానో పదార్థాలకు ప్రత్యేక కేంద్రం ఉంది. తార్నాకలో రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, చర్లపల్లిలో ఎలక్ట్రానిక్ పదార్థాల కోసం సీ-మెట్, కంచన్‌బాగ్‌లో లోహ పరిశోధనకు డీఎంఆర్‌ఎల్, ఎన్‌ఎఫ్‌టీడీసీ ఉన్నాయి. విశ్వవిద్యాలయాల వైపు చూస్తే గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూ, కందిలో ఐఐటీ, వరంగల్‌లో ఎన్‌ఐటీ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. 2007లో కేంద్రం ప్రారంభించిన నానో మిషన్ దేశంలోని చాలా ల్యాబులకు పరికరాలనూ తర్ఫీదు పొందిన మనుషులనూ ఇచ్చింది. పరిశోధన సంస్థలనూ పరిశ్రమనూ కలపడానికి తెలంగాణ ప్రభుత్వం 2017లో ఏర్పాటు చేసిన రిచ్ అనే సంస్థకు ముందుగా మీ ఒక పేజీని పంపితే, సరైన విభాగం పేరు తెలుసుకోవడానికి పట్టే తిరుగుడు కొంత తప్పుతుంది.

పరిశోధన సంస్థకూ విశ్వవిద్యాలయానికీ తేడా ఉందని గుర్తుంచుకోండి. పెద్ద కొలిమి, పైలట్ రియాక్టర్, వాటిని నడిపే శాశ్వత సిబ్బంది సాధారణంగా మొదటిదాని దగ్గర ఉంటారు. కొత్త ఆలోచన, దాని మీద మూడేళ్లు తల పగలగొట్టుకునే యువకులు రెండోదాని దగ్గర ఉంటారు. అందువల్ల ముగ్గురు కలిసిన ఏర్పాటే ఎక్కువగా నిలబడుతుందని నా అభిప్రాయం. రసాయనం విశ్వవిద్యాలయానిది, పైలట్ యంత్రం పరిశోధన సంస్థది, మార్కెట్టు మీది.

ఇటువంటి పని మన దగ్గర సాధ్యమేనా అని సందేహించేవారికి రెండు ఉదాహరణలు చెబుతాను. నీటి ఫిల్టర్లలో వాడే సిరామిక్ క్యాండిల్‌కు నానో వెండి పూత పూసే విధానాన్ని ఏఆర్‌సీఐ అభివృద్ధి చేస్తే, హైదరాబాద్‌లోని ఎస్‌బీపీ ఆక్వాటెక్ అనే చిన్న సంస్థ దాన్ని తీసుకుంది. చెన్నైలో ఐఐటీ మద్రాస్ ఆచార్యుడు టి. ప్రదీప్ బృందం, నీటిలోని పురుగుమందుల అవశేషాలను లోహపు నానో కణాలతో తొలగించే పద్ధతిని కనిపెట్టగా, 2007లో యురేకా ఫోర్బ్స్ దాన్ని ఇంటి ఫిల్టర్‌గా మార్కెట్టులోకి తెచ్చింది. రెండింటిలోనూ నానో పదార్థం జనానికి అప్పటికే తెలిసిన ఒక వస్తువులో భాగంగా ఇంట్లోకి వెళ్లింది. పూత తయారీదారుగా మీకు కూడా అదే దారి తేలిక.

దగ్గరి సంస్థనే ఎంచుకోమనడానికి ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. నీటిలో తేలియాడే నానో కణాల ముద్ద, అంటే స్లర్రీ, నిలవ ఉన్నకొద్దీ మారిపోతుంది. ఉదయం తయారైన స్లర్రీని మధ్యాహ్నానికి కారులో మీ యూనిట్‌కు తెచ్చి సాయంత్రం పూత వేసి చూడగలగడం, ఢిల్లీకో ముంబైకో కొరియర్ చేయడంతో పోల్చదగినది కాదు. వారానికి ఒకసారి స్కాలర్, అంటే పరిశోధక విద్యార్థి, మీ షెడ్డుకు బస్సులో వచ్చి వెళ్లగలిగే దూరమే సరైన దూరం.

ఎంఓయూకు ముందు మూడు బ్యాచ్‌లు

ఎంఓయూ, అంటే అవగాహన పత్రం, సంతకం చేసి ఫోటో దిగాలన్న ఉత్సాహం రెండు వైపులా ఉంటుంది. కాస్త ఆగండి. ముందు చిన్న కన్సల్టెన్సీ పనిగా డబ్బు చెల్లించి, ఒకే విధానంతో మూడు వేర్వేరు వారాలలో చేసిన మూడు పది గ్రాముల బ్యాచ్‌లు అడగండి. అన్నిటికన్నా మంచి సీసా ఇవ్వమని అడగకండి, ఆ మూడింటినీ ఉన్నవి ఉన్నట్టుగా ఇవ్వమనండి.

వాటిని కొలిపించేటప్పుడు మూడు అంకెలు మీ ముందుకు వస్తాయి. ఈ అంకెల దగ్గరే పారిశ్రామికులు ఎక్కువగా మోసపోతారు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగి చూద్దాం. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ నివేదికలో 12 నానోమీటర్లు అని ఉంటుంది. ఉపరితల వైశాల్యం కొలిచే బీఈటీ నివేదికలో గ్రాముకు 50 చదరపు మీటర్లు అని ఉంటుంది. ద్రవంలో కణాల పరిమాణాన్ని కాంతితో కొలిచే డీఎల్‌ఎస్ నివేదికలో 400 నానోమీటర్లు అని ఉంటుంది. ఒకే పొడికి మూడు పరిమాణాలేమిటని కంగారు పడకండి, మూడూ నిజమే కావచ్చు. మొదటిది కణం లోపలి స్ఫటికం పరిమాణం. రెండోదాన్ని మీరే కణం పరిమాణంగా మార్చుకోవచ్చు. కణాలు గుండ్రంగా ఉన్నాయని భావించి, 6000ను సాంద్రత, ఉపరితల వైశాల్యాల లబ్ధంతో భాగించండి. అనటేస్ రకం టైటానియా సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 3.9 గ్రాములు కనుక, 3.9ను 50తో గుణిస్తే 195, 6000ను 195తో భాగిస్తే దాదాపు 31 నానోమీటర్లు వస్తుంది. మూడోది ఆ కణాలు ఒకదానికొకటి అతుక్కుని ద్రవంలో గుంపుగా తిరిగే పరిమాణం. పరిశోధన పత్రంలో మీకు కనిపించేది 12. మీ పూత చూసేది 400. పారదర్శకమైన పూత కావాలనుకుంటే, ఈ 400 తగ్గనంత వరకూ మొదటి రెండు అంకెలు ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం లేదు.

కనుక మీ ఒప్పందంలో "కణ పరిమాణం 20 నానోమీటర్లలోపు" అని మాత్రమే రాయించుకోకండి. ఏ పరికరంతో, ఏ ద్రవంలో, ఎంతసేపు అల్ట్రాసోనిక్ కంపనం ఇచ్చాక, ఏ గాఢతలో కొలవాలో రాయించండి. డీఎల్‌ఎస్‌కు ఐఎస్‌ఓ 22412, బీఈటీకి ఐఎస్‌ఓ 9277 ప్రమాణాలు ఉన్నాయి. వాటి పేరు చెబితే వాదనకు తావు తగ్గుతుంది. పరికరాలు మీ భాగస్వామి దగ్గర లేకపోతే, దేశంలోని ల్యాబ్ పరికరాలను రుసుముపై అందరికీ అందుబాటులోకి తేవడానికి 2020లో ప్రారంభమైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో దగ్గరలో ఎక్కడున్నాయో వెతకవచ్చు.

మూడు బ్యాచ్‌ల అంకెలూ దగ్గరగా ఉంటే ముందుకు వెళ్లండి. లేకపోతే ఎందుకు లేవో అడగండి. జవాబు కన్నా జవాబు చెప్పే తీరు ముఖ్యం. స్కాలర్ నోట్‌బుక్ తెరిచి "రెండో బ్యాచ్ రోజున స్టిరర్ (ద్రవాన్ని కలియబెట్టే పరికరం) వేగం మారింది" అని వేలు పెట్టి చూపించగలిగితే ఆ ల్యాబ్‌తో పనిచేయవచ్చు.

ఒప్పందంలో రాయించవలసినవి

ఎంఓయూ అనేది మర్యాద పత్రం. దాని కింద ప్రాజెక్టుకు ప్రత్యేకంగా సహకార పరిశోధన ఒప్పందం ఉండాలి. విశ్వవిద్యాలయాలు తమ నమూనా పత్రాన్ని పంపిస్తాయి. చదవకుండా సంతకం చేయకండి.

ముందుగా, ఎవరు ఏమి వెంట తెచ్చుకుంటున్నారో ఒక అనుబంధంలో జాబితా రాయండి. ఆచార్యుడి పాత పేటెంట్లు, మీ పూత సూత్రం, మీ బైండర్ (పూతను పట్టి ఉంచే జిగురు) వివరాలు ఒప్పందానికి ముందున్న ఆస్తి. అవి ఎవరివి వారికే ఉంటాయి. ప్రాజెక్టులో కొత్తగా పుట్టినదాని సంగతి వేరు. చాలామంది "ఇద్దరి పేరు మీదా పేటెంట్ వేద్దాం, గొడవ ఉండదు" అంటారు. వినడానికి బాగుంటుంది కానీ, 1970 పేటెంట్ల చట్టంలోని 50వ సెక్షన్ ఏమంటుందో చూడండి. వేరే ఒప్పందం లేనప్పుడు సహ యజమానులకు సమానమైన, విడదీయని వాటా ఉంటుంది. ఎవరికి వారు ఆ పేటెంట్‌ను తమ ప్రయోజనానికి వాడుకోవచ్చు, రెండోవారికి లెక్క చెప్పనక్కరలేదు. కానీ ఒకరి అనుమతి లేకుండా మరొకరు మూడోవారికి లైసెన్సు ఇవ్వలేరు, తమ వాటాను అమ్ముకోలేరు. విశ్వవిద్యాలయానికి ఫ్యాక్టరీ లేదు కనుక, మీ అనుమతి లేనిదే దానికి ఆ పేటెంట్ మీద పైసా రాదు. మీకు నిధులిచ్చే బ్యాంకో కొత్త భాగస్వామో వచ్చినప్పుడు, విశ్వవిద్యాలయం సంతకం కోసం మీరు నెలల తరబడి తిరగాలి. ఈ సెక్షన్‌ను అలాగే వదిలేయకుండా ముందే మార్చి రాసుకోండి. పేటెంట్ ఎవరి పేరు మీద ఉన్నా, పూతల రంగంలో వాడుకునే ప్రత్యేక హక్కు ఇన్నేళ్లపాటు మీది, సౌర ఫలకాలు, నీటి శుద్ధి వంటి ఇతర రంగాలలో విశ్వవిద్యాలయం ఎవరికైనా ఇచ్చుకోవచ్చు అని రంగాలవారీగా విడదీస్తే, రాయల్టీ మాట కూడా తేలికగా తెగుతుంది.

దాఖలు రుసుములో ఒక చిన్న మెలిక ఉంది. 2021 నుంచి విద్యా సంస్థలకు పేటెంట్ రుసుముపై 80 శాతం రాయితీ ఉంది. చిన్న పరిశ్రమకూ స్టార్టప్‌కూ కూడా రాయితీ వర్తిస్తుంది. దరఖాస్తుదారులలో ఒక్క పెద్ద కంపెనీ చేరినా ఆ రాయితీ పోతుంది. పేటెంట్ కాలం 20 ఏళ్లు. తాత్కాలిక వివరణతో ముందు తేదీ దక్కించుకుని, 12 నెలల్లోపు పూర్తి వివరణ దాఖలు చేయవచ్చు. నానో పదార్థాల విషయంలో ఆ 12 నెలలు బంగారం. పది గ్రాముల ఫలితంతో తేదీ పట్టుకుని, కిలో ఫలితంతో పూర్తి చేసుకోవచ్చు. విదేశంలో ముందు దాఖలు చేయదలిస్తే 39వ సెక్షన్ కింద అనుమతి కావాలని మరవకండి.

ఇక స్కాలర్ సిద్ధాంత గ్రంథం. ఇక్కడ జరిగే ప్రమాదం గురించి ముందుగా హెచ్చరించేవారు తక్కువ. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గ్రంథాల ప్రతులను విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రానికి అందజేయాలి, అవి దాని శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. మీ పదార్థం తయారీ విధానం అందులో ఉష్ణోగ్రతతో సహా ఉంటుంది. ఆ గ్రంథమో, ఒక సదస్సులో పోస్టరో పేటెంట్ దాఖలుకు ముందే బయటికి వస్తే, కొత్తదనం పోయిందని మీ దరఖాస్తును తోసిపుచ్చే అవకాశం ఉంది. అలాగని ప్రచురణలను పూర్తిగా ఆపమని కోరడం కూడా అన్యాయం. స్కాలర్ భవిష్యత్తు ఆ పత్రాల మీదే ఉంటుంది, దాన్ని బిగబడితే ఆ పిల్లవాడు మనసు పెట్టి పనిచేయడు. మధ్యే మార్గం ఏమిటంటే, ప్రచురణకు పంపే ప్రతి రచననూ ముప్పై రోజుల ముందు మీకు చూపాలి, మీరు ఆ గడువులో పేటెంట్ దాఖలు చేయించాలి లేదా మీ సొంత సూత్రానికి చెందిన వివరాలను తీసివేయమని కోరాలి, ఆ పైన ఆపే హక్కు మీకు ఉండదు అని రాసుకోవడం.

డబ్బు, గడువు

మొత్తం సొమ్ము ఒకేసారి ఇవ్వకండి, నెలవారీగానూ ఇవ్వకండి. దశలకు ముడిపెట్టండి. పది గ్రాముల మూడు బ్యాచ్‌లు సరిపోలితే ఒక వాయిదా, అర కిలో మూడు బ్యాచ్‌లు సరిపోలితే ఇంకో వాయిదా, మీ షెడ్డులో మీ ఆపరేటర్ చేసిన అయిదు కిలోల బ్యాచ్‌కు చివరి వాయిదా. ఏ దశలోనైనా విఫలమైతే ఎవరూ ఎవరినీ నిందించకుండా ఆగిపోయే వెసులుబాటు కూడా రాసి ఉంచండి.

ఖర్చు ఎంతవుతుందో అంచనా వేయడానికి మనిషి ఖర్చుతో మొదలుపెట్టండి. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలు, దాని మీద ఇంటి అద్దె భత్యం ఇస్తున్నారు. పద్దెనిమిది నెలలకు ఫెలోషిప్ ఒక్కటే 6,66,000 అవుతుంది. దానికి రసాయనాలు, పరికరాల రుసుములు, సంస్థ వసూలు చేసే ఓవర్‌హెడ్ కలపండి. 2024 అక్టోబరులో, గ్రాంటు రూపంలో వచ్చే సొమ్ముపై విశ్వవిద్యాలయాల వంటి సంస్థల పరిశోధన సేవలకు జీఎస్టీ మినహాయింపు వచ్చింది. మీరు ఇచ్చేది గ్రాంటు కిందికి వస్తుందా, కన్సల్టెన్సీ కిందికి వస్తుందా అన్నది ఒప్పందం మాటల మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, సంతకానికి ముందే మీ ఆడిటర్‌కు చూపించండి.

కొనుగోళ్లు మాత్రం వీలైనంత వరకూ మీరే చేసి వస్తువు రూపంలో ల్యాబుకు ఇవ్వండి. ప్రభుత్వ సంస్థలో కొనుగోలు కమిటీ, జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్, టెండరు అంటూ నాలుగు నెలలు పట్టే, పొడి నూరడానికి వాడే జిర్కోనియా బంతుల డబ్బాను మీరు నాలుగు రోజుల్లో తెప్పించగలరు. గడువుల విషయానికొస్తే విశ్వవిద్యాలయపు క్యాలెండర్‌ను మీ గోడ మీద తగిలించుకోండి. పరీక్షల మూల్యాంకనం, అడ్మిషన్లు, స్కాలర్ కోర్సు వర్కు జరిగే నెలల్లో పని సాగదు. సాగుతుందని ప్రణాళిక వేసుకుంటే తప్పు మీదే.

పరిశోధన, అభివృద్ధి, నవకల్పనల కోసం కేంద్ర మంత్రివర్గం 2025 జూలైలో లక్ష కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అది సాంకేతిక సంసిద్ధతా స్థాయి (ఆలోచన నుంచి మార్కెట్టు దాకా 1 నుంచి 9 వరకూ ఉండే కొలబద్ద) 4, ఆ పైన ఉన్న పనులకు ఉద్దేశించినది. విశ్వవిద్యాలయపు ల్యాబ్ సాధారణంగా 3, 4 స్థాయిల దగ్గర ఆగుతుంది, మీరు అమ్ముకోవాలంటే 8, 9 దాకా రావాలి. కనుక మీ మొదటి రెండు దశల ఖర్చును సొంత జేబులోంచి పెట్టుకుని, అర కిలో బ్యాచ్ ఫలితాలతో అటువంటి నిధుల కోసం వెళ్లడం మంచిది.

బీకరు నుంచి రియాక్టరుకు

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. వంద మిల్లీలీటర్ల బీకరులో బాగా వచ్చింది కదా, వంద లీటర్ల పాత్రలో అన్నీ వెయ్యి రెట్లు వేస్తే సరిపోతుందనుకుంటాం. పాత్ర ఆకారం అదే ఉంచి ఘనపరిమాణాన్ని వెయ్యి రెట్లు పెంచితే పొడవు పది రెట్లు, గోడల వైశాల్యం వంద రెట్లు మాత్రమే పెరుగుతాయి. అంటే లోపల పుట్టే వేడి వెయ్యి రెట్లు, దాన్ని బయటికి పంపే గోడ వంద రెట్లు. ఒక్కో లీటరుకు దక్కే చల్లదనం పదో వంతుకు పడిపోయింది. టైటానియం టెట్రాక్లోరైడ్ నీటిలో పడగానే వేడినీ హైడ్రోజన్ క్లోరైడ్ పొగనూ చిమ్ముతుంది. బీకరును ఐసు గిన్నెలో పెట్టి చుక్కచుక్కగా వేసిన స్కాలర్‌కు ఆ వేడి తెలియలేదు. పెద్ద పాత్రలో ఒక మూల వేడెక్కి, అక్కడ కణాలు త్వరగా పెరిగి, మరో మూల చిన్నవిగా మిగిలి, ఒకే బ్యాచ్‌లో రెండు రకాల పొడి తయారవుతుంది. అందుకే బీకరు నుంచి నేరుగా వంద లీటర్లకు ఎగబాకకుండా, రెండు లీటర్లు, ఇరవై లీటర్లు అని మెట్లు పెట్టుకోండి. ప్రతి మెట్టులోనూ ఉష్ణోగ్రతను ఒకచోట కాక మూడు చోట్ల కొలవండి. ద్రవం చేర్చే వేగాన్ని "చుక్కచుక్కగా" అని రాయనివ్వకండి, నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అని పంపు అంకె రాయించండి.

కడగడం, వడగట్టడం, ఎండబెట్టడం గురించి పరిశోధన పత్రంలో ఒక్క వాక్యం ఉంటుంది. మీ షెడ్డులో మాత్రం అవి మూడు రోజుల పని. నానో కణాల ముద్ద వడపోత గుడ్డను మూసేస్తుంది. ల్యాబులో సెంట్రిఫ్యూజ్ గొట్టాలతో గడిచిపోయిన పనికి మీకు వేరే యంత్రం కావాలి. ఎండబెట్టే సమయంలో కణాల మధ్య మిగిలిన నీరు ఆవిరవుతూ వాటిని ఒకదానివైపు ఒకటి లాగుతుంది, ఆ గడ్డలు మళ్లీ విడివడవు. పైన చెప్పిన 400 అనే అంకె చాలాసార్లు రియాక్టరులో కాదు, ఈ డ్రయ్యరులో పుడుతుంది. చివరి కడుగుడును ఆల్కహాలుతో చేయడం, స్ప్రే డ్రయ్యర్ వాడడం వంటి ఉపాయాలు ఉన్నాయి. అన్నిటికన్నా మేలైన ఉపాయం, వీలైతే ఎండబెట్టకపోవడం. మీ పూత నీటి ఆధారితమైతే పొడి ఎందుకు? తడి ముద్దనే నేరుగా కలపండి. ఈ ఒక్క ప్రశ్నను మొదటి సమావేశంలో అడిగి ఉంటే ఒక డ్రయ్యరు కొనుగోలు తప్పేదని తర్వాత నాలుక కరుచుకున్నవారిని నేను చూశాను.

నేను దగ్గరగా ఉండి పనిచేసిన ఒక ప్రాజెక్టులో మార్చిలో చేసిన మూడు బ్యాచ్‌లు అద్దంలా సరిపోలాయి. జూలైలో చేసిన నాలుగోది పూతలో నలకలు నలకలుగా తేలింది. రసాయనాలు మార్చాం, స్టిరర్ మార్చాం, ఒకరినొకరు అనుమానించుకున్నాం. ఆరు వారాల తర్వాత, ఖాళీ సీసాలు సర్దుతున్న ల్యాబ్ సహాయకుడు, "వానాకాలంలో ఈ పొడి మూతకు అంటుకుంటుంది సార్, వేసవిలో అంటుకోదు" అన్నాడు. గదిలో గాలి తేమ ఎంత అన్నది ఆ నోట్‌బుక్‌లో ఒక్క పేజీలోనూ రాసి లేదు. అప్పటి నుంచి నేను ఏ ప్రాజెక్టు మొదలైనా, రెండు వైపుల నోట్‌బుక్‌లలోనూ తేదీ పక్కనే తేమ శాతం రాయించి గాని పని మొదలుపెట్టనివ్వను. మీరూ ఒక తేమ కొలిచే మీటరు కొని ల్యాబుకు బహుమతిగా ఇవ్వండి. మీరు ఆ ప్రాజెక్టుపై పెట్టే ఖర్చులో అంత చవకైనదీ, అంత పనికొచ్చేదీ మరొకటి ఉండదు.

పదార్థాన్ని నూరి నానో పొడిగా చేసే మిల్లింగ్ దారిలో వెళ్లేవారికి ఒక మాట. ఉక్కు బంతులతో ఎక్కువసేపు నూరితే ఇనుము పొడిలో కలుస్తుంది. తెల్లని పూతకు ఆ కొద్దిపాటి ఇనుమే పసుపు ఛాయ తెస్తుంది. జిర్కోనియా బంతులు ఖరీదైనా వాటినే వాడండి, అయినా ప్రతి పదో బ్యాచ్‌లో కల్తీ లోహాల పరీక్ష చేయించండి.

ఊపిరితిత్తులు, నిప్పు

పొడి సీసాలో ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. కిలోల్లో గాలిలోకి లేచినప్పుడు సంగతి మారుతుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 2011లో టైటానియాకు సూచించిన పరిమితులు చూడండి. మామూలు సన్నపు పొడికి ఘన మీటరు గాలికి 2.4 మిల్లీగ్రాములు, అతి సూక్ష్మ పొడికి 0.3 మిల్లీగ్రాములు. ఒకే పదార్థం, ఎనిమిది రెట్లు కఠినమైన పరిమితి. కార్బన్ నానోట్యూబులకు 2013లో సూచించినది ఘన మీటరుకు ఒక మైక్రోగ్రామే. కనుక పొడిని తూచే చోటు, సంచి విప్పే చోటు, డ్రయ్యరు తలుపు దగ్గర హెపా వడపోత (అతి సన్నని ధూళిని కూడా పట్టేది) ఉన్న గాలి లాగే ఏర్పాటు పెట్టండి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం రక్షణ కాదు. చిమ్మిన పొడిని చీపురుతో ఊడవవద్దు, తడిగుడ్డతో తుడవండి. అల్యూమినియం వంటి లోహపు నానో పొడులైతే నిప్పంటుకుని పేలగలవు, వాటిని జడవాయువు లేకుండా తెరవకూడదు. తడి ముద్దగా వాడమని పైన చెప్పిన సలహాకు ఇది రెండో కారణం. కాలుష్య నియంత్రణ మండలి అనుమతిలో కొత్త ఉత్పత్తిని చేర్చుకోవడానికి పట్టే సమయాన్ని కూడా ప్రణాళికలో కలుపుకోండి.

ఒక్కరి వల్ల కాకపోతే

స్ప్రే డ్రయ్యరు, బీఈటీ యంత్రం ఒక చిన్న యూనిట్ భరించగలిగినవి కావు. అదే పారిశ్రామికవాడలో పూతలు, సిరామిక్స్, బ్యాటరీ పొడులు చేసేవారు తగినంతమంది కలిస్తే, సూక్ష్మ చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకం కింద ఉమ్మడి సౌకర్య కేంద్రం కోసం వెళ్లవచ్చు. ఎఫ్‌టీసీసీఐ (తెలంగాణ వాణిజ్య, పారిశ్రామిక మండళ్ల సమాఖ్య) వంటి మీ సంఘం ద్వారా ముందుగా ఒక సమావేశం పెట్టండి. పోటీదారులతో ఏమి పంచుకోవాలన్న భయం సహజమే. కొలత పద్ధతులు, భద్రతా ఏర్పాట్లు, ముడిసరుకు సరఫరాదారుల నాణ్యత, యంత్రం గంటలు పంచుకోండి. సూత్రం, ధర, కొనుగోలుదారుడి పేరు మీ దగ్గరే ఉంచుకోండి.

అప్పగింత రోజు

చివరి వాయిదాకు ముందు స్కాలర్ రాసిన తయారీ విధానాన్ని తెలుగులో రాయించండి. మీ ఆపరేటర్ చదివేది దాన్నే. "పాలలా మారగానే ఆపు" వంటి వాక్యం ఎక్కడైనా ఉంటే, ఎన్ని నిమిషాలకు, ఎంత పీహెచ్ దగ్గర అని పక్కన అంకె వేయించండి. తర్వాత స్కాలర్‌ను టీ తాగిరమ్మని బయటికి పంపించి, మీ ఆపరేటర్‌తో బ్యాచ్ చేయించండి. అతను ఎక్కడ ఆగాడో, ఎక్కడ తల గోక్కున్నాడో ఒకరు పక్కన కూర్చుని రాసుకోవాలి. ఆ చోట్లే పత్రంలో ఖాళీలు. వాటిని పూరించి మరునాడు మళ్లీ చేయించండి, మూడో రోజు వేరే షిఫ్టు ఆపరేటర్‌తో చేయించండి.

మూడు బ్యాచ్‌ల నుంచీ వంద గ్రాముల చొప్పున మూసిన సంచుల్లో వేసి, తేదీ, బ్యాచ్ సంఖ్య, ఆ రోజు తేమ శాతం రాసి, సగం మీ స్టోరులో, సగం విశ్వవిద్యాలయపు డెసికేటరులో, అంటే తేమ చేరనివ్వని పాత్రలో, ఉంచండి. ఆఖరి చెల్లింపులో పదో వంతును ఆపుకునే షరతును ఒప్పందంలో ముందే పెట్టుకుని, ఆరు నెలల తర్వాత రెండు చోట్ల సంచులూ ఒకే రోజున విప్పి, అదే డీఎల్‌ఎస్ యంత్రం మీద, అదే పద్ధతిలో కొలిపించి, అంకెలు సరిపోతే ఆ చెక్కు కూడా రాసి ఇవ్వండి.